నీళ్ళు తాగని ఆరు సెల్లులు

ఇంజనీరు గారి కంట ముందుగా బకెట్టు పడింది. అది పడ్డాక ఆయన ఆ గదిలో ఇంకేదీ చూడలేదు.

నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు. సగానికి కుళాయి నీళ్ళు, పైన తేలుతూ ఒక మగ్గు. కాన్పుల ఆస్పత్రి వెనక, బట్టలుతికే గదిని ఆనుకుని ఉన్న బ్యాటరీ గదిలో, తలుపు పక్కన ఎనిమిదేళ్ళుగా అది అక్కడే ఉంది. బ్యాటరీ సెల్లుల్లోని యాసిడ్ చేతి మీద పడితే గబుక్కున కడుక్కోవడానికి. ఆ సంగతి ఆస్పత్రిలో తిరిగే పిల్లిక్కూడా తెలుసు. ఇంజనీరు గారికి తెలియదు. తొమ్మిది ఆస్పత్రులకి ఆయనొక్కడే. ఏ గదిలోనూ పావుగంట నిలబడే తీరిక లేని మనిషి.

"ఇదేంటి?" అన్నాడు.

"నీళ్ళండీ," అన్నాడు బాబాయి.

"నీళ్ళని నాకూ కనిపిస్తోంది. కుళాయి నీళ్ళా, బ్యాటరీ నీళ్ళా?"

"కుళాయివేనండీ. చేతులు..."

"విన్నారుగా సిస్టర్?" అని ఇంజనీరు పెద్ద నర్సు వైపు తిరిగాడు. "ఇందుకే పోయాయి మీ బ్యాటరీలు. సెల్లుల్లో డిస్టిల్డ్ వాటర్ పోయాల్సిన చోట ఈయన కుళాయి తిప్పి మగ్గుతో పోశాడు."

బాబాయి అంటే ఎవరికీ బాబాయి కాదు, అందరికీ బాబాయే. సెల్లులకి నీళ్ళు పోసే అటెండరు. డాక్టరమ్మలు కూడా అలాగే పిలుస్తారు. ఆయన ఎందుకో గోడ పైకి చూశాడు. ఆ తర్వాత చెప్పులు వేసుకున్న తన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"చేతులు కడుక్కోవడానికండీ అది!" అంది కరెంటమ్మ. ఆస్పత్రిలో వైర్లూ స్విచ్చులూ మోటార్లూ చూసే మనిషి ఆవిడే. మెడలో ఎప్పుడూ మీటరు వేలాడుతూ ఉంటుంది. "ఈయన పోశాడా, మీరు చూశారా?"

"చూడక్కర్లేదమ్మా. ఫలితం కనిపిస్తోంది."

ఫలితం మాత్రం నిజమే. గదిలో ఇనప బల్లల మీద రెండు వరసల్లో ఇరవై నాలుగు సెల్లులు. ఒక్కొక్కటీ మోకాలెత్తు డబ్బా, ఒక్కొక్కటీ రెండు ఓల్టులు. అన్నిటినీ వరసగా కలిపితే నలభై ఎనిమిది. పగలంతా పైకప్పు మీది సోలారు పలకలు వాటిని నింపుతాయి. పొద్దుగూకాక ఆ నింపుకున్నదాంతో అవి ఆస్పత్రిని మోస్తాయి. అక్కడికి వేరే కరెంటు రాదు. తెల్లారేదాకా మోయాల్సినవి, రెండు నెలలుగా ఎనిమిది కొట్టేసరికే చేతులెత్తేస్తున్నాయి. నర్సులు టార్చిలైటు నోట కరుచుకుని కాన్పులు చేస్తున్నారు.

ఇంజనీరు అక్కడికక్కడే తేల్చేశాడు. విచారణ అయ్యేదాకా అటెండరు ఇంటి దగ్గరే ఉండాలి. బ్యాటరీలు మొత్తం పనికిరానివిగా రాసి తీసేయాలి. శనివారం లారీ వస్తుంది, డీజిల్ జనరేటరు దించి వీటిని ఎత్తుకుపోతుంది.

"కొత్తవి?" అంది పెద్ద నర్సు.

"వస్తాయి."

"ఎప్పుడొస్తాయి?"

"వచ్చినప్పుడు వస్తాయి సిస్టర్. అందాకా జనరేటరు ఉందిగా."

"దాన్ని పెట్టే జాగా పసిపిల్లల గది కిటికీ కింద. ఆ పొగా ఆ మోతా వాళ్ళకేనా?"

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. బాబాయి ఖాకీ చొక్కా గుండీ సరిచేసుకుని, బట్టల గది ముందునుంచి, క్యూలో నిలబడ్డ గర్భిణీల ముందునుంచి, అందరూ చూస్తుండగా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. 'కుళాయి నీళ్ళు పోశాడట' అన్న మాట ఆయనకన్నా ముందే గేటు దాటింది.

కరెంటమ్మకి ఒళ్ళు మండిపోయింది. "శనివారం దాకా టైమివ్వండి. తప్పు ఎక్కడుందో నేను తేలుస్తాను. ఆయనది కాదని కూడా తేలుస్తాను," అంది.

"తేల్చు. లారీ మాత్రం పది గంటలకి వస్తుంది," అని ఇంజనీరు జీపెక్కాడు.

మంగళవారం పొద్దున్నే ఆవిడ బ్యాటరీ గదిలో దిగింది. చీర మీద పాత కోటు, చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. బట్టల గదిలోంచి రెండు ఇస్త్రీపెట్టెలూ, వార్డులోంచి నీళ్ళు కాచే కెటిలూ తెచ్చి ఒకేసారి పెట్టింది. సోలారు స్విచ్చి దించేసింది. ఊరికే కూచున్న సెల్లుని మీటరు పెట్టి అడిగితే, ఊరికే కూచున్న మనిషి లాగే 'నాకేం, దుక్కలా ఉన్నాను' అంటుంది. నెత్తిన మూట పెట్టి అడగాలి. అప్పుడు మోకాళ్ళ సంగతి బయటపడుతుంది.

ఒకటో సెల్లు. మీటరు ముల్లు రెండు దగ్గర నిలబడాలి. ఒకటీ పాయింటు ఏడుకి జారింది. మూత తిప్పి, గాజు గొట్టం ముంచి, రబ్బరు బంతి నొక్కి యాసిడ్ పీల్చింది. గొట్టం లోపల తేలే బుడ్డి ఉంటుంది. సెల్లు నిండుగా ఉంటే పైకి తేలుతుంది, ఖాళీగా ఉంటే మునుగుతుంది. మునిగింది. రెండో సెల్లు, అంతే. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ అంతే. ఈ లెక్కన ఇరవై నాలుగూ ఇంతేనేమో, ఇంజనీరు మాటే నెగ్గుతుందేమో అనుకుంది.

ఏడో సెల్లు దగ్గర ముల్లు రెండు మీద నిలబడి కదల్లేదు. బుడ్డి నిటారుగా తేలింది. ఆవిడ నమ్మలేక మళ్ళీ చూసింది. ఎనిమిది బాగుంది. తొమ్మిది బాగుంది. భోజనం వేళ దాటిపోయింది, నడుం పట్టేసింది, ఒక్కో సెల్లు ముందూ గొంతుక్కూచుని లేస్తూ ఇరవై నాలుగో దాని దాకా వెళ్ళింది. పద్దెనిమిదీ బాగున్నాయి. ఎనిమిదేళ్ళు చేసిన సెల్లులు, ఇంకో నాలుగైదేళ్ళు సునాయాసంగా చేస్తాయి.

"సిస్టర్ గారూ!" అని అరిచిన అరుపుకి బట్టల గదిలో మనిషి దుప్పటి వదిలేసింది.

పెద్ద నర్సు పరిగెత్తుకొచ్చింది. కరెంటమ్మ చేతిలో గాజు గొట్టం ఊపుతూ చెప్పింది. "ఆరే పోయాయి. పద్దెనిమిదీ గుండ్రాళ్ళలా ఉన్నాయి. కుళాయి నీళ్ళు పోస్తే ఇరవై నాలుగిట్లోనూ పోస్తాడు గదా? అన్నీ ఒకేలా పాడవ్వాలి గదా? పంక్తిలో కూచున్న ఆరుగురికే విషం పెట్టి మిగతావాళ్ళకి పాయసం పోస్తాడా? బాబాయిది కాదు తప్పు!"

"నాకు తెలుసమ్మా. కాగితం మీద పెట్టు," అంది పెద్ద నర్సు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మరి ఆ ఆరూ ఎందుకు పోయాయి?"

"అదీ పట్టుకుంటాను, ఎక్కడికి పోతుంది," అంది కరెంటమ్మ.

పట్టుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. బాబాయికి ఒక పద్ధతుంది. ఏ సెల్లులో బ్యాటరీ నీళ్ళు పోస్తే ఆ సెల్లు పైన గోడ మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. రాత అంతగా రాని మనిషి, మరిచిపోకుండా పెట్టుకున్న గుర్తు. ఇంజనీర్లు వచ్చినప్పుడు వాళ్ళకి అది గోడ పాడుచేయడంలా కనిపిస్తుంది. కరెంటమ్మ మొదటిసారి ఆ గీతలని చదివింది. ఏటా సున్నం వేసినప్పుడు పాతవి పోగా, ఏడు నుంచి ఇరవై నాలుగు దాకా గీతలు కిక్కిరిసి ఉన్నాయి. ఒకటి నుంచి ఆరు దాకా పలచగా, అక్కడొకటీ ఇక్కడొకటీ. బాగా నిండి ఉడికిన సెల్లు నీళ్ళు తాగుతుంది. ఎప్పుడూ నిండని సెల్లుకి దాహం వెయ్యదు.

అంటే ఈ ఆరూ ఎన్నాళ్ళుగానో నిండటం లేదు. మిగతావాటితో పాటే నింపుతున్నా నిండటం లేదంటే, వీటినుంచి మాత్రమే ఎవరో అదనంగా లాగుతున్నారు.

మొదటి సెల్లు మొన దగ్గర వేలు పెట్టింది. లావు కేబులు పక్కన సన్నటి ఎర్ర వైరు. ఆరో సెల్లు దగ్గర సన్నటి నల్ల వైరు. రెండూ మెలికలుపడి గోడ వెంట పాకి, పైన గాలి కంతలోంచి బయటికి పోయాయి.

"ఎవడు పెట్టాడే ఈ దరిద్రం?" అంది పైకే.

మాట పూర్తిగా నోట్లోంచి వచ్చాక గానీ జవాబు గుర్తు రాలేదు. వైరు మీద చుట్టిన టేపు చివర చిన్నగా మడత పెట్టి ఉంది, తర్వాత విప్పుకోవడానికి వీలుగా. అలా మడత పెట్టే అలవాటు ఆ ఆస్పత్రిలో ఒక్కరికే ఉంది.

బయట చుట్టాలు కూచునే రేకుల షెడ్డులో మూడేళ్ళ కిందట దీపం ఉండేది కాదు. మనవరాలు పుట్టిందని లేచి పరిగెత్తిన ఒక ముసలావిడ చీకట్లో పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. దీపం కావాలని పైకి రాసిన కాగితాలు పైనే ఉండిపోయాయి. అప్పుడు కరెంటమ్మ, పాత బస్సులోంచి తీసిన పన్నెండు ఓల్టుల దీపం పట్టుకొచ్చి, ఆరు రెళ్ళు పన్నెండని వేళ్ళ మీద లెక్కేసి, మొదటి ఆరు సెల్లుల మీంచి వైరు లాగింది. చూస్తుండగానే షెడ్డు వెలిగింది. అందరూ మెచ్చుకున్నారు. దీపం పక్కన ఒక చిన్న ఫ్యాను చేరింది. ఫ్యాను పక్కన జనం ఫోన్లు చార్జింగు పెట్టుకునే ప్లగ్గులు చేరాయి. ఇరవై నలుగురు మోసే పల్లకీలో ఆరుగురి భుజం మీద మాత్రం పూటపూటా అదనంగా మూట పడుతూ వచ్చింది. నింపేటప్పుడు మాత్రం అందరికీ సమానమే.

ఆవిడ బకెట్టు పక్కన నేల మీద చతికిలబడింది. ఇంజనీరు మీద అరిచిన అరుపులన్నీ చెవుల్లో గింగురుమన్నాయి. బాబాయిని ఆ గుమ్మంలోంచి నడిపించి పంపింది ఇంజనీరు కాదు, తను. సిగ్గుతో మొహం కాలిపోయింది.

చాలాసేపటికి లేచి, వైరు రెండు కొసలూ విప్పింది. కత్తిరించలేదు. టేపూ మడతా అలాగే ఉంచి, గోడ మేకుకి వేలాడదీసింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భర్త కుట్టుమిషను ముందు కూచుని చొక్కా కాలరు తిప్పుతున్నాడు. దర్జీ. ఊళ్ళో వాళ్ళతో పాటు తనూ ఆవిణ్ణి వేళాకోళానికి కరెంటమ్మా అనే పిలుస్తాడు. ఆవిడ చెప్పులు కూడా విడవకుండా మొత్తం చెప్పేసింది. ఆయన చక్రం మీద చెయ్యి పెట్టి మిషను ఆపాడు.

"ఎవరు చూశారు?"

"నేను చూశాను."

"నువ్వు కాకుండా?"

"ఎవరూ చూళ్ళేదు."

"మరింకేం! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు. వైరు తీసి పొయ్యిలో పెట్టు. ముసలాయన కుళాయి నీళ్ళు పొయ్యలేదని నిరూపించావా, నిరూపించావు. ఆ ఆరూ ముసలివై పోయాయని రాసెయ్. పామూ చావదు, కర్రా విరగదు."

"వయసైపోతే ఆరే ఎందుకు పోయాయని అడిగితే?"

"అడిగే తీరికుంటే బకెట్టు దగ్గరే అడిగేవాడు ఆ మహానుభావుడు."

అదీ నిజమే. ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన కాలరు మీద దారపు ముక్క గిల్లి పారేశాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"చూడు. ఉద్యోగం పోతే ఈ మిషను ఒక్కటే మనిద్దర్నీ లాగలేదు. అది తెలిసే అంటున్నాను. కానీ నువ్వు నన్ను సలహా అడగడానికి రాలేదు. చెప్పడానికి వచ్చావు. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"ముందు బాబాయికి చెప్పాలి," అంది ఆవిడ.

"అన్నం తిని రేపు పొద్దున చెప్పు. మూడేళ్ళు ఆగినది ఒక పూట ఆగదా," అని ఆయన మళ్ళీ చక్రం తిప్పాడు.

బుధవారం పొద్దున బాబాయి తన ఇంటి మెట్టు మీద కూచుని ఉన్నాడు. ఇంటి ముందు తాడు మీద ఖాకీ చొక్కా ఉతికి ఆరేసి ఉంది, మర్నాడు పనికి వెళ్ళేవాడిలాగే. కరెంటమ్మ నిలబడే చెప్పడం మొదలుపెట్టింది. ఆరు సెల్లుల సంగతి, గీతల సంగతి. వైరు దగ్గరికొచ్చేసరికి మాట తడబడింది.

"తెలుసమ్మాయ్," అన్నాడు బాబాయి.

"ఏం తెలుసు?"

"వైరు సంగతే. సోమవారం ఆయన నన్ను తిడుతుంటే నువ్వు బకెట్టు గురించి పోట్లాడుతున్నావు. నేను తల తిప్పుకుంటే కళ్ళ ఎదురుగా అదే ఉంది. ఈ ఆరూ ఎందుకు తాగటం లేదా అని మూడేళ్ళుగా బుర్ర గోక్కుంటున్నాను. అప్పుడు వెలిగింది."

"మరి... మరి అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమవుతుంది? నన్ను పంపిన నోటితోనే నిన్నూ పంపిస్తాడు. నాకు ఇంకా ఆర్నెల్ల సర్వీసే ఉంది. నీకు ఇరవై ఏళ్ళుంది. ఎవరో ఒకరి నెత్తిన పడేదే అయినప్పుడు, రాలిపోయే ఆకు మీద పడితే నష్టమేముంది?"

"నీ మంచితనం తగలెయ్య!" అంది కరెంటమ్మ. కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకే తెలియలేదు. "నేనడిగానా నిన్ను? నా తప్పు మొయ్యమని నేనడిగానా? రేపు నువ్వు వీధిలో పోతుంటే, అదిగో కుళాయి నీళ్ళు పోసి ఆస్పత్రిని చీకటి చేసినవాడు అంటారు. నీకు బాగుంటుందా?"

"అంటే అననీ."

"నిజంగా?"

బాబాయి ఆరేసిన చొక్కా వంక చూశాడు. "ఎనిమిదేళ్ళమ్మాయ్," అన్నాడు. "వానొచ్చినా, జ్వరమొచ్చినా, బ్యాటరీ నీళ్ళ డబ్బాలు భుజాన మోసుకొచ్చి పోశాను. పోసే మగ్గు విడిగా పెట్టుకుని, తుడిచి పోశాను. ఒక్క చుక్క... కుళాయిది ఒక్క చుక్క కూడా..." భుజం మీది తువ్వాలుతో మొహం మొత్తం తుడుచుకున్నాడు.

కరెంటమ్మ మెట్టు మీద ఆయన పక్కన కూచుంది.

"ఈ ఆరూ తాగటం లేదని నువ్వు నాతో చెప్పావు కదూ?" అంది.

"చాలాసార్లు చెప్పాను."

"నేనేమన్నాను?"

"తాగకపోతే నీకే మంచిది బాబాయ్, మోత తగ్గుతుంది అని నవ్వావు."

ఆ నవ్వు ఆవిడకి గుర్తు కూడా లేదు. లేచి కొంగు దులుపుకుంది. "నేను ఆఫీసుకి వెళ్తున్నాను. నువ్వు వద్దన్నా వెళ్తాను," అంది. ఆయన వద్దనలేదు.

ఆ రోజు ఇంజనీరు దొరకలేదు. గురువారం పట్టుకుంది. ఆఫీసులో ఆయన బల్ల మీద ఫైళ్ళు మెడదాకా ఉన్నాయి, వాటి వెనక ఆయన టీ తాగుతున్నాడు. కరెంటమ్మ రీడింగులు రాసిన కాగితం ముందు పెట్టింది, నిలబడే అంతా చెప్పింది. వైరు ఎవరు లాగారంటే "నేనే" అంది. ఆ ఒక్క మాటా అనడానికి దారి పొడుగునా మనసులో అనుకుంటూ వచ్చింది, తీరా అనేసరికి చాలా చిన్నగా వచ్చింది.

ఇంజనీరు కప్పు కింద పెట్టాడు. కాగితం రెండుసార్లు చదివాడు. చెడ్డవాడు కాదు, చెప్పుకోవాలి కదా.

"నేను తొందరపడ్డాను," అన్నాడు. "అటెండరుని రేపే రమ్మంటాను. నువ్వు... చూడమ్మా, ఈ వైరు గొడవ నాకు చెప్పావు, బాగుంది. కాగితం మీద వద్దు. బ్యాటరీలు తీసేసే ఫారంలో 'కారణం' అని ఒక గడి ఉంది. అందులో 'వయసు' అని రాసెయ్. ఎనిమిదేళ్ళయింది, ఎవరూ అడగరు. ఆయన బయటపడతాడు, నువ్వూ బయటపడతావు."

ఒక్క మాట. మూడక్షరాలకి మించి లేదు. బాబాయి తిరిగొస్తాడు, మిషను ఒక్కటే ఇల్లు లాగక్కర్లేదు. కరెంటమ్మ కలం అందుకుంది. గడి మీద పెట్టింది కూడా.

"వయసని రాస్తే ఏం చేస్తారు?" అని అడిగింది.

"చేసేదేముంది? రూలు ప్రకారం మొత్తం తీసేస్తాం. శనివారం లారీ."

"ఇరవై నాలుగూ?"

"వయసంటే అన్నిటికీ ఒకటే కదా."

"పద్దెనిమిది బాగున్నాయండీ. నాలుగైదేళ్ళు చేస్తాయి."

"వయసని రాశాక బాగున్నా ఒకటే, బాగుండకపోయినా ఒకటే."

ఆవిడ కలం పైకి తీసింది. "అయితే రాయను," అంది. గొంతు ఈసారి చిన్నగా లేదు. "వయసని రాస్తే ఇరవై నాలుగూ పోతాయి, పసిపిల్లల కిటికీ కింద జనరేటరు వస్తుంది. వైరని రాస్తే ఆరే పోతాయి. నాతో కలిపి ఏడు. పోనివ్వండి."

గడిలో రాసింది. 'మొదటి ఆరు సెల్లుల మీంచి అదనపు వైరు లాగడం వల్ల. లాగినది నేను.' కింద సంతకం పెట్టింది.

ఇంజనీరు ఆ కాగితం చదివాడు. తర్వాత బీరువా తెరిచి నాలుగు ఫైళ్ళు తీశాడు. నాలుగు ఆస్పత్రుల బ్యాటరీలు, ఈ ఏడాదిలో తీసేసినవి. ఒక్కొక్కటే తెరిచి కారణం గడి చూశాడు. వయసు. వయసు. వయసు. వయసు. నాలుగూ ఆయన చేతి రాతే.

"ఇవి ఎక్కడున్నాయి?" అంది కరెంటమ్మ.

"వెనక రేకుల కింద. వేలానికి."

"మీరు అనుమతిస్తే నాకు ఆరు కావాలి."

శుక్రవారం పొద్దున్నుంచీ ఆవిడ ఆ రేకుల కింద మీటరూ గాజు గొట్టమూ పట్టుకుని కూచుంది. తొంభై ఆరు సెల్లులు, దుమ్ము కొట్టుకుని, ముసలివాళ్ళని తోసేసినట్టు ఒకదాని మీద ఒకటి. నింపి, మూట పెట్టి, అడిగింది. ఇంజనీరు ఒకసారి వచ్చి నిలబడ్డాడు. మూడోసారి వచ్చినప్పుడు చొక్కా చేతులు మడిచి తనే సెల్లులు అందించాడు. ఎంపిక పూర్తయ్యేసరికి ఆరు కాదు, ముప్ఫైకి పైగా బతికున్నవి తేలాయి. ఇంజనీరు జేబురుమాలుతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. సాయంత్రానికి తమ సెల్లుల ఈడువే ఆరు ఏరి జీపులో ఆస్పత్రికి చేర్చారు.

శనివారం పది గంటలకి లారీ వచ్చింది, జనరేటరుతో సహా. "సాయంత్రం ఆరు దాకా ఆగు," అని ఇంజనీరు డ్రైవరుకి చెప్పాడు. కరెంటమ్మ సోలారు స్విచ్చి దించింది. రాత్రి పన్నెండు గంటల్లో ఆస్పత్రి తినేదంతా ఎనిమిది గంటల్లో తినిపించాలి. దీపాలన్నీ పట్టపగలే వెలిగించారు. పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు, నీళ్ళ మోటారు, మందుల ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టెలు, ఏదీ మిగల్చలేదు. పన్నెండింటికి మీటరు యాభై చూపించింది. రెండింటికి నలభై తొమ్మిదిన్నర. నాలుగున్నరకి చప్పున అరపాయింటు పడిపోయింది. పెద్ద నర్సు కరెంటమ్మ భుజం పట్టుకుంది. నొప్పి పుట్టేలా పట్టుకుందని ఇద్దరికీ తెలియలేదు. కరెంటమ్మ కొత్తగా పెట్టిన ఆరింటి బోల్టులూ చేత్తో తడిమింది. మూడోదాని దగ్గర బోల్టు వేడిగా తగిలింది, సరిగా బిగుసుకోలేదు. స్పానరు వేసి ఒక్క తిప్పు తిప్పింది. ముల్లు లేచి నిలబడింది.

ఆరు కొట్టింది. నలభై ఎనిమిదికి పైనే ఉంది. ఒక్క దీపం కూడా వణకలేదు.

"లారీ వెనక్కి తీసుకుపో," అన్నాడు ఇంజనీరు.

బాబాయి మాత్రం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ ఖాకీ చొక్కాతో. శుక్రవారం రమ్మని కబురు పంపినా రాలేదు. ఇప్పుడు పిలిచినా లోపలికి రాలేదు. ఇంజనీరే నడుచుకుంటూ వెళ్ళాడు.

"మిమ్మల్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నాం బాబాయ్. కాగితం కూడా తయారైంది."

"నన్ను పంపించినప్పుడు కాగితం ఇవ్వలేదండీ," అన్నాడు బాబాయి. "అందరి ముందూ నోటితో పంపించారు."

షెడ్డులో చుట్టాలూ, గుమ్మంలో నర్సులూ, బట్టల గది మనిషీ అందరూ చూస్తున్నారు. ఇంజనీరు మొహం ఎర్రబడింది. అందరికీ వినబడేలా అన్నాడు. "ఈయన కుళాయి నీళ్ళు పొయ్యలేదు. చూడకుండా అన్నాను. తప్పు నాది."

"నాదీనూ," అంది కరెంటమ్మ వెనకనుంచి.

"నీది కాగితం మీద ఉంది," అన్నాడు ఇంజనీరు. "మెమో వస్తుంది. ఈ ఏడాది ఇంక్రిమెంటు రాదు. ఈరోజు నుంచి బ్యాటరీ గది బాధ్యత బాబాయిది. ఆయన్ని అడగకుండా నువ్వు ఆ గదిలో స్క్రూ కూడా తిప్పడానికి లేదు."

ఉద్యోగం నిలబడింది. ఇంట్లో మిషను పక్కన కూచుని ఈ మాట ఎలా చెప్పాలా అనుకుంది కరెంటమ్మ. ఏడవాలో నవ్వాలో తెలియక ఏడ్చింది.

బాబాయి అప్పుడు గేటు దాటాడు. తిన్నగా బ్యాటరీ గదిలోకి వెళ్ళి, కొత్తగా వచ్చిన ఆరింటి మూతలూ తిప్పి చూశాడు. సుద్దముక్కతో గోడ మీది పాత గీతల పక్కన అడ్డంగా ఒక గీత గీసి, అక్కణ్ణుంచి కొత్త లెక్క మొదలని గుర్తు పెట్టుకున్నాడు.

కరెంటమ్మ గుమ్మం బయటే నిలబడింది. షెడ్డులో చీకటి పడుతోంది. ఎవరో ఫోను వెలిగించి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"బాబాయ్," అంది. "షెడ్డుకి దీపం పెట్టాలి, ఈసారి బస్సుది కాదు, వార్డు దీపమే. ఎక్కణ్ణుంచి లాగమంటావు?"

బాబాయి వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూశాడు, వేళాకోళం కాదు కదా అని. ఎనిమిదేళ్ళలో ఆ గదిలో ఆయన్ని ఎవరూ ఏదీ అడగలేదు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. మొదటి సెల్లు నుంచి చివరిదాకా నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు. ఆవిడ ఓపిగ్గా నిలబడింది.

"ఇరవై నాలుగింటి మీంచీ లాగమ్మాయ్," అన్నాడు. "మోస్తే అన్నీ కలిసే మోస్తాయి."

"సరే," అని కరెంటమ్మ నిచ్చెన కోసం వెళ్ళింది.